మోటార్‌హోమ్ వెనక కారు కట్టుకుని పోవచ్చా? నెల్లూరు, ఒంగోలు వాళ్లు చెప్పండి

పెన్నాతీరం (నెల్లూరు) | శనివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఊళ్లు తిరగాలన్న పిచ్చితో పోయినేడు క్యారవాన్‌గా రిజిస్టరైన ఫోర్స్ ట్రావెలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న బాత్‌రూము, నెత్తిన నీళ్ల ట్యాంకు. వీధిలో ఆపితే చాలు, "ఏ హీరో వచ్చాడన్నా, షూటింగ్ ఎక్కడ" అని పిల్లకాయలు చేరిపోతారు.

బండి బాగుంది. బాధల్లా ఆపిన తర్వాతే. మొన్న ఉదయగిరి పోయాం. కొండ కింద చింతచెట్టు నీడన పెట్టుకున్నాం. తెల్లారి పాల ప్యాకెట్ కావాలంది మా ఆవిడ. ఊళ్లోకి కిలోమీటరున్నర. దానికోసం సిలిండర్ కట్టేసి, గ్లాసులు సర్ది, కుర్చీలు మడిచి, పడుకున్న మా అత్తగారిని లేపి కూర్చోబెట్టి బెల్టు పెట్టి... పాల ప్యాకెట్టు కోసం ఇల్లు మొత్తం లేపుకుని పోవాల. తీరా పోతే బజారు సందులో బండి తిరగదు. మైపాడులోనూ ఇదే కథ. ఎవరిదో పెళ్లి, పందిరి రోడ్డు మీదికొచ్చేసింది. మోటార్ సైకిళ్లు దూరుతున్నాయి, నేను మాత్రం అర కిలోమీటరు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అమెరికా వీడియోల్లో పెద్ద మోటార్‌హోమ్ వెనక చిన్న జీపుని రాడ్డుతో తగిలించి లాక్కుపోతుంటారు కదా. నాకు పాత ఆల్టో 800 ఉంది, మాన్యువల్ గేరు. మన దగ్గర అట్టా చేయొచ్చా? చేసినవాళ్లు ఎవరన్నా ఉండారా?

కావలి కుర్రోడు (ప్రస్తుతం డాలస్) | శనివారం ఉదయం 8:02

అంకుల్, నేను చేస్తున్నా. నాలుగేళ్లుగా మోటార్‌హోమ్ వెనక జీప్ రాంగ్లర్ లాగుతున్నా. ఇక్కడ మూడు పద్ధతులు. నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతూ రావడం ఒకటి. ముందు చక్రాలని చిన్న బండి మీదికెక్కించి వెనక చక్రాలని దొర్లించడం ఇంకోటి, దాన్ని డాలీ అంటారు. మూడోది కారు మొత్తాన్నీ ట్రైలర్ మీద పెట్టేయడం. నాది మొదటి రకం.

వీడియోలో తేలిగ్గా కనిపిస్తుంది గానీ తగిలించే ముందు చేసే తతంగం పెద్దది. రాంగ్లర్‌లో గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ ఇంజన్ బలం పంచే పెట్టె ఉంటుంది, దాన్ని న్యూట్రల్‌లో వేయాలి. వేశాక ఇంజన్ ఆన్‌లో ఉండగానే గేరు డ్రైవ్‌లోకి తోసి, బండి కదలట్లేదని చూసుకోవాలి. అప్పుడు గేరుని పార్క్‌లో పెట్టాలి. స్టీరింగ్ లాక్ పడకూడదు. ఏ-ఆకారం రాడ్డు, రెండు గొలుసులు, లైట్ల వైరు, జీపులో బ్రేకు తొక్కే పరికరం, తెగిపోతే దానంతటదే బ్రేకు పడే తాడు. మా ఆవిడ ఫోన్‌లో లిస్టు పెట్టుకుని పైకి చదువుతుంది, నేను ఒక్కోటీ ముట్టుకుని 'అయ్యింది' అంటా, విమానం వాళ్ల లాగా.

ఎందుకింత అంటే ఒకసారి హ్యాండ్ బ్రేక్ వదలడం మర్చిపోయా. ముందున్న బండి ఎంత పెద్దదంటే వెనక చక్రాలు ఈడ్చుకొస్తున్నా స్టీరింగ్ దగ్గర ఏమీ తెలియదు. వెనక కెమెరాలో పొగ కనబడి ఆపా. రెండు టైర్లు పోయాయి.

ఇంకో మాట. ఏ కారు పడితే ఆ కారు లాగకూడదు. హోండా సీఆర్-వీ 2014 మోడల్ వరకూ ఇక్కడ జనం కళ్లు మూసుకుని లాగేవాళ్లు. 2015లో దానికి సీవీటీ అనే ఇంకో రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చింది, కంపెనీ లాగొద్దంది. అంతే, మోటార్‌హోమ్ వాళ్లంతా పాత మోడళ్ల వెంట పడ్డారు.

ఒంగోలు గిత్త | శనివారం ఉదయం 8:40

ఇంత కథ అవసరమా? చీమకుర్తి పోయి చూడండి, రాళ్ల లారీలు ఎట్టెట్టా పోతయ్యో. వరికోతల్లో ఒక్క ట్రాక్టరుకి రెండు ట్రక్కులు తగిలించి లాగుతున్నారు. ఎవడడిగాడు? ఇంత పైపు కోసి వెల్డింగ్ పెట్టించుకోండి, ఎల్లిపోతది.

పదహారు టైర్ల బండి | శనివారం ఉదయం 9:15

గిత్త తమ్ముడూ, అట్ట తేలిగ్గా చెప్పబాక. నేను హైవే మీద చెడిపోయిన లారీలని రాడ్డేసి లాగినోణ్ణి, లాగించుకున్నోణ్ణి కూడా. వెనక బండిలో కూర్చుంటే తెలుస్తది సంగతి.

ఇంజన్ ఆగిపోయిన కారులో బ్రేకు రెండు మూడు సార్లు మెత్తగా దిగుద్ది. ఆ తర్వాత పెడల్ రాయే. పెడల్‌కి బలమిచ్చే బూస్టర్‌లో ఉన్న వ్యాక్యూమ్ అయిపోద్ది, మళ్లీ తయారు చేసే ఇంజన్ తిరగట్లా. స్టీరింగ్ కూడా బండరాయి మాదిరి. ముందు బండోడు ఏం చేస్తన్నాడో నీకు కనపడదు, వాడి వెనకభాగం తప్ప. తాడైతే మరీ ఘోరం. వాడు బ్రేకేస్తే నువ్వు పోయి గుద్దుకుంటావ్, వాడు లాగితే ఎగిరి పడతావ్. ఒకసారి సింగరాయకొండ దగ్గర తాడు తెగి నా అద్దానికి కొట్టింది. అప్పట్నించీ తాడు ముట్టలా.

పెన్నాతీరం అన్నా, ఖాళీ కారుని లాగాలనుకుంటన్నావా, లోపల మనిషిని పెట్టా?

ఆటోనగర్ మేస్త్రి (నెల్లూరు) | శనివారం ఉదయం 11:30

షాపులో పని ఉండి లేటు. గేర్‌బాక్స్ సంగతి నేను చెప్తా, జనం ఇక్కడే బండ్లు తగలబెట్టుకుంటారు.

ఆటోమేటిక్ బండిలో నూనెని తిప్పే పంపు ఇంజన్‌తో తిరుగుద్ది. ఇంజన్ ఆఫ్, చక్రాలు మాత్రం తిరుగుతున్నాయ్ అనుకో. లోపల ఇనుము ఇనుము రాసుకుంటది, నూనె రాదు. న్యూట్రల్‌లో పెట్టాం కదా అంటారు. న్యూట్రల్ ఇంజన్‌ని విడదీస్తది గానీ చక్రాల వైపు ముక్కల్ని ఆపదు.

ఏఎంటీ ఇంకో రకం. అది లోపల మాన్యువలే, క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మిషన్ చేస్తది. గేరులో ఉండగా కరెంటు పోయిందంటే న్యూట్రల్‌కి రాదు. నా దగ్గరికొచ్చిన ఒక బండిని అట్టే లాక్కొచ్చారు, ముందు టైర్లు బల్లపరుపుగా అరిగినాయ్. కరెంటు కార్లయితే చక్రం తిరిగితే మోటారు తిరిగి కరెంటు పుట్టుద్ది, వాటిని నేల మీద దొర్లించనే కూడదు. ఫ్లాట్‌బెడ్ ఎక్కించాల్సిందే.

మాన్యువల్‌లోనూ తేడా ఉంది. బొలెరో లాంటి వెనక చక్రాల బండి తీసుకో. గేర్‌బాక్స్‌లో కిందుండే షాఫ్టు నూనెని చిమ్ముద్ది. ఆ షాఫ్టుని తిప్పేది ఇంజన్. దూరం లాగాలంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకి పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాల. పెన్నాతీరం సారు ఆల్టో ముందు చక్రాలది. దాని డిఫరెన్షియల్, అదే రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల సెట్టు, గేర్‌బాక్స్ నూనెలోనే మునిగి ఉంటది, చక్రాలు తిరిగితే అదే చిమ్ముకుంటది. గేర్‌బాక్స్ వరకూ భయం లేదు.

ముందు బండి సంగతి అడగరే ఎవరూ? ట్రావెలర్‌లో సంసారం మొత్తం ఎక్కించుంటది. దాని మీద ఇంకో 750 కిలోల ఆల్టో. కదిలించడం పెద్ద పని కాదు, క్లచ్ కొంచెం ఏడుస్తది అంతే. ఆపేటప్పుడు మాత్రం రెండు బండ్లకీ ఒకటే బ్రేకు.

బిట్రగుంట బాబాయి | శనివారం మధ్యాహ్నం 1:05

నేను రైల్వేలో చేసి దిగినవాణ్ణి, కార్ల సంగతి పెద్దగా తెలియదు. డాలస్ అబ్బాయి చెప్పిన "తెగితే దానంతటదే పడే బ్రేకు" చదివి నవ్వొచ్చింది, అది మాకు పాత చుట్టం.

మా ఊళ్లో స్టీమ్ ఇంజన్ల షెడ్డు ఉండే రోజుల్లో రైళ్లకి వ్యాక్యూమ్ బ్రేకులు. ఇంజన్ నుంచి గార్డు పెట్టె దాకా గొట్టం ఉంటుంది, అందులో గాలి లాగేసి ఉంచితేనే బ్రేకులు వదులుగా ఉంటాయి. మధ్యలో కప్లింగ్ తెగిందనుకోండి, గొట్టం ఊడి బయటి గాలి లోపలికి దూరుతుంది. తెగిన రెండు ముక్కలూ ఎక్కడివక్కడ పట్టేసుకుంటాయి. ఎవరూ ఏమీ తొక్కక్కర్లేదు. ఇప్పుడు ఎయిర్ బ్రేకులు వచ్చాయి, గొట్టంలో గాలి నింపి ఉంచుతారు, పోతే బ్రేకు పడుతుంది. లెక్క తిరగబడింది గానీ సూత్రం అదే. వెల్డింగ్ షాపులో చేసే పైపుకి ఈ ఏర్పాటు ఎట్టా పెడతారు నాయనా?

పెన్నాతీరం | శనివారం మధ్యాహ్నం 2:20

అందరికీ థాంక్స్. మేస్త్రి గారూ, గేర్‌బాక్స్‌కి భయం లేదన్నారు, అది చాలు నాకు. బ్రేకు సంగతి మెల్లగా పోతే సరిపోతుంది కదా? ఆర్టీవో ఆఫీసు సంగతి తెలిసినవాళ్లు ఎవరన్నా చెప్పండి.

మాజీ బ్రేకిన్‌స్పెక్టర్ (ఒంగోలు) | శనివారం సాయంత్రం 4:45

ఈ ప్రశ్న మొదట అడగాల్సింది, ఇరవై మాటల తర్వాత అడుగుతున్నారు. మాకు అలవాటే.

బాగున్న కారుని ఇంకో బండితో లాగడం మన దేశంలో కుదరదు. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే స్పష్టంగా ఉంది. లాగితే చెడిపోయిన బండినో, పూర్తిగా బిగించని బండినో లాగాలి, అదీ డెలివరీకో, దగ్గర్లో ఉన్న గ్యారేజీకో పెట్రోలు బంకుకో. లాగబడే బండి సీట్లో లైసెన్సున్న మనిషి ఉండాలి, లేదా దాని స్టీరింగ్ చక్రాలు నేలకి అంటకుండా పైకెత్తి ఉండాలి. రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదు. వెనక తెల్లటి పలక మీద నల్లటి అక్షరాలతో 'ఆన్ టో' అని రాసి తగిలించాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు మించకూడదని ఆ నియమాల్లో ఉండేది. 2017లో ఈ నియమాల స్థానంలో డ్రైవింగ్ రెగ్యులేషన్లు వచ్చాయి, అసలు విషయం మాత్రం మారలేదు.

"మెల్లగా పోతే" అన్నారు. నెల్లూరు నుంచి ఒంగోలు 120 కిలోమీటర్లు. ఆ 24 లెక్కన 5 గంటలు. హైవే మీద అంతసేపు ఆ వేగంతో పోతే వెనకొచ్చే బస్సువాడు మిమ్మల్ని ఏమంటాడో రాయను.

మనకి చట్టం ఒప్పుకునేది రిజిస్టరైన ట్రైలర్. దానికి సొంత నెంబరు ఉండాలి, లాగే బండికి ఆ సత్తా ఉందని తయారుచేసినవాడు చెప్పి ఉండాలి. ఆల్టోని ట్రైలర్ మీదికెక్కిస్తే ట్రైలర్ బరువుతో కలిపి టన్నుకి పైమాటే. మీ ట్రావెలర్ ఆ పనికి పుట్టలేదు.

ఆల్టో ముందు వెల్డింగ్ పెట్టి కొక్కేలు బిగించడం ఇంకో తప్పు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బంపర్ ముందు ఇనప గార్డులే తీసేయమని 2017 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకి రాసింది, మీరేమో లాగుడు రాడ్డు అంటున్నారు.

ఒంగోలు గిత్త గారూ, రెండు ట్రక్కుల ట్రాక్టరుని ఎవరూ అడగలేదన్నారు. నేను అడిగాను, రాత్రి పూట, గుద్దుకున్న తర్వాత. వెనక ట్రక్కుకి లైటు లేదు.

ఒంగోలు గిత్త | శనివారం సాయంత్రం 5:10

సార్, నేను మామూలుగా అన్నా. తప్పు మాటే.

కావలి కుర్రోడు | శనివారం సాయంత్రం 6:00

ఇన్‌స్పెక్టర్ గారూ, నాకు ఇది తెలియదు. ఇక్కడ కారు లాగడం మామూలు విషయం, రాష్ట్రాన్ని బట్టి బ్రేకు నిబంధనలు మారతాయంతే. అంకుల్, నా పోస్టు చూసి ఏమీ చేయించకండి.

ఇన్సూరెన్స్ సంగతేంటి అక్కడ?

మాజీ బ్రేకిన్‌స్పెక్టర్ | శనివారం సాయంత్రం 6:25

మన మోటారు పాలసీల్లో కొన్నింట్లో లాగడం గురించి ఒక పేరా ఉంటుంది, ఎవరూ చదవరు. చెడిపోయిన బండిని ఒక్కదాన్ని, డబ్బు తీసుకోకుండా లాగుతుంటే మూడో మనిషికి జరిగిన నష్టానికి పాలసీ పనిచేస్తుంది. లాగబడే బండికి తగిలిన దెబ్బకి కంపెనీ బాధ్యత లేదు. బాగున్న బండి అసలా పేరాలోకే రాదు.

ఆటోనగర్ మేస్త్రి | శనివారం రాత్రి 8:15

పెన్నాతీరం సారూ, ఒక్కటి అడుగుతా ఏమనుకోవద్దు. నీ ప్రొఫైల్ ఫోటోలో క్యారవాన్ పక్కన ఆల్టో ఉంది. ముందు బంపర్ ఎడమ వైపు కిందికి వేలాడతా ఉంది. బంపర్ కింద కొత్త వెల్డింగ్ మచ్చ మెరుస్తా ఉంది. నాకు కళ్లజోడు లేకపోయినా అది కనపడుద్ది. ఎప్పుడు లాగావ్?

పెన్నాతీరం | శనివారం రాత్రి 9:40

దొరికిపోయా. రెండు వారాలైంది. సిగ్గై రాయలేదు.

ఇంటి దగ్గర కుర్రాడితో ఏ-ఆకారం పైపు చేయించా. బామ్మర్దిని ఆల్టోలో కూర్చోబెట్టా, తాళం తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి. నెల్లూరు దాటి హైవే ఎక్కాం. నలభైలో పోతున్నా. నిజం చెప్తున్నా, మొదటి అరగంట రాజాలా ఉంది. అద్దంలో చూస్తే బామ్మర్ది పల్లీలు తింటున్నాడు.

తర్వాత టోల్ గేటు. ఎక్కడని అడక్కండి. నా ఫాస్టాగ్ చదివింది, గేటు లేచింది, నేను పోయా. నా వెనకాల ఆరడుగుల్లో ఇంకో కారు అతుక్కుని వస్తోందని గేటుకేం తెలుసు? నా బంపర్ దాటగానే దిగింది. సరిగ్గా ఆల్టో బానెట్ మీద. 'టప్' మని చప్పుడు. నేను బ్రేకు కొట్టా. వెనకున్న లారీ హారన్ మొదలుపెట్టింది. లోపల్నించి ఒకబ్బాయి పరిగెత్తుకొచ్చి "సార్, కొంచెం వెనక్కి తియ్యండి" అన్నాడు.

తీశా. అదే కొంప ముంచింది. జానెడు వెనక్కి పోయిందో లేదో, ఆల్టో ముందు చక్రాలు ఒక్కసారిగా ఎడమకి పూర్తిగా తిరిగిపోయాయి. బామ్మర్ది చేతిలోంచి స్టీరింగ్ గిర్రున తిరిగి బొటనవేలికి తగిలింది. పైపు కందిపుల్లలా వంగింది, బంపర్ క్లిప్పులు పటపటా ఊడాయి. విప్పుదామంటే బోల్టు వంగి రాదు. పక్క లైన్‌లో లారీ డ్రైవరు యాక్సా బ్లేడు ఇచ్చాడు, నేల మీద పడుకుని ఇరవై నిమిషాలు కోశాం. ఆ ఇరవై నిమిషాల్లో మా వంశం మొత్తాన్నీ తిట్టారు జనం, నాలుగు భాషల్లో.

సాయంత్రం ఫోన్ చూస్తే ఆల్టో ఫాస్టాగ్ నుంచి కూడా డబ్బు కట్ అయిన మెసేజ్. అది న్యాయమే.

మిగతా దారంతా బామ్మర్ది ఆల్టోని మామూలుగా నడుపుకుంటూ నా వెనకే వచ్చాడు.

కావలి కుర్రోడు | శనివారం రాత్రి 9:55

అయ్యో అంకుల్! నాలుగు చక్రాలూ దొర్లే పద్ధతిలో వెనక్కి తీయకూడదు, ఇది చెప్పడం మర్చిపోయా. ముందుకి పోయేటప్పుడు చక్రాలు వాటంతటవే సరిగ్గా తిరుగుతాయి, వెనక్కి తోస్తే అడ్డం తిరుగుతాయి. మేం ఏ పెట్రోలు బంకులోనైనా ఇరుక్కుంటే ముందు కారు విప్పేస్తాం. బామ్మర్ది గారి వేలు ఎట్టుంది?

పెన్నాతీరం | శనివారం రాత్రి 10:02

గోరు నల్లబడింది. పల్లీలు తినడానికి ఇబ్బంది లేదంటున్నాడు.

కనిగిరి కోడలు | ఆదివారం ఉదయం 6:50

పొద్దున్నే అంతా చదివాను. పెన్నాతీరం అన్నయ్యగారూ, మీ పోస్టులో చివరి ముక్క మీరే రాసి మీరే వదిలేశారు. బామ్మర్ది ఆల్టో నడుపుకుంటూ వెనకే వచ్చాడన్నారు కదా, అంతకన్నా ఏం కావాలి? మా ఇంట్లో అదే చేస్తాం. మా వారి దగ్గర మీలాంటి బండే ఉంది. ఆయన ముందు, నేను వెనక వ్యాగనార్‌లో. భైరవకోన పోయాం, కంభం చెరువు పోయాం. అదనంగా అయ్యేది నా కారు పెట్రోలు, టోలు. వెనక నేనుంటే ఆయనకి డోరు సరిగ్గా పడలేదనో, నీళ్లు కారుతున్నాయనో ఫోన్ చేసి చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యం, రెండు గంటలు నాకిష్టమైన పాటలు.

వదినగారికి డ్రైవింగ్ వచ్చా?

పదహారు టైర్ల బండి | ఆదివారం ఉదయం 7:30

అక్క చెప్పింది కరెక్టు. లేదంటే టీవీఎస్ ఎక్సెల్ ఒకటి వెనకాల స్టాండు మీద కట్టుకోన్నా. సందుల్లోకి దానికి మించిన బండి లేదు. రెండు బియ్యం మూటలేసుకుని కూడా పోవచ్చు.

మాజీ బ్రేకిన్‌స్పెక్టర్ | ఆదివారం ఉదయం 8:20

స్టాండు గురించి ఒక లెక్క. ఎక్సెల్, ఇనప స్టాండు కలిపి 120 కిలోలు అనుకుందాం. వెనక ఇరుసుకి 2 మీటర్ల వెనక వేలాడదీశారు, రెండు ఇరుసుల మధ్య 4 మీటర్లు. వెనక ఇరుసు మీద పడేది 120 కాదు, 180. ముందు ఇరుసు మీద 60 తగ్గుతుంది, తక్కెడ లాగా. గతుకుల్లో ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. వెనక ఇరుసు దాటి బయటికొచ్చే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని నిబంధన కూడా ఉంది. నెంబరు ప్లేటు, లైట్లు మూసుకుపోకూడదు.

లోపలే పెట్టుకుంటాం అని మాత్రం అనకండి. పెట్రోలు బండి, గ్యాసు పొయ్యి, పడుకునే మనుషులు, ఒకే గదిలో వద్దు.

బిట్రగుంట బాబాయి | ఆదివారం ఉదయం 9:00

కిలోమీటరున్నరకి సైకిలు చాలదా నాయనా? నేను షెడ్డుకి రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కేవాణ్ణి.

పెన్నాతీరం | ఆదివారం ఉదయం 11:15

మా ఆవిడకి ఈ థ్రెడ్డంతా చదివి వినిపించా. టోల్ గేటు భాగం రెండుసార్లు చదివించుకుంది. ఆల్టో నడపడం ఆమెకి నా కన్నా బాగా వచ్చు, ఇన్నాళ్లూ నేనే తాళం ఇవ్వలేదన్న మాట వాస్తవం. దూరం పోతే ఆమె వెనక వస్తుంది. దగ్గరైతే సైకిలు. మా అత్తగారి ఇంట్లో పాత లేడీస్ సైకిలు ఉంది, వెనక డోరులోంచి మంచం కిందికి పడుతుందేమో చూడాలి. వచ్చే నెల భైరవకోన అనుకుంటున్నాం. కనిగిరి చెల్లెమ్మా, బండి పెట్టుకోవడానికి అక్కడ చోటు ఎట్టుంటుందో రాయి.

మేస్త్రి గారూ, బంపర్ సంగతి చూస్తారా?

ఆటోనగర్ మేస్త్రి | ఆదివారం మధ్యాహ్నం 12:05

సోమవారం పదింటికి పట్టుకురా. ముందు వెల్డింగ్ మచ్చ గ్రైండ్ చేసి రంగేయాల, లేకపోతే వానలకి తుప్పు లోపలికి పోద్ది. సైకిలు కూడా వేసుకురా, మంచం కింద ఎత్తు టేపుతో కొలిచి కొక్కేలు పెడతా. పైపు ముక్క మిగిలుంటే అదీ తీసుకురా, షాపులో టైరు ఎత్తే గునపం పోయింది, దాని బదులు పనికొస్తది.

కనిగిరి కోడలు | ఆదివారం మధ్యాహ్నం 12:40

సీఎస్ పురం దాటాక దుకాణాలు తక్కువ అన్నయ్యగారూ, పాలు ముందే తీసుకోండి.